తువ్వాలు కింద సున్నా

యలమందయ్య నోటివెంట అంకె రాదు. లెక్కలు రాక కాదు. గుంటూరు మిర్చి యార్డులో ఏ రైతు కాయ ఏ రోజున ఎంతకు పోయిందో, పాతికేళ్ల నాటిది అడిగినా ఆయనకు గుర్తే. కాకపోతే అడిగినవాడికి జవాబు వినపడదు. భుజం మీది తువ్వాలు దించి, అడిగినవాడి చేతిమీద కప్పి, దాని కింద వాడి వేళ్లు పట్టుకుని నొక్కేవాడు. ఒక వేలు పట్టుకుంటే ఒకటి, రెండు పట్టుకుంటే రెండు, అయిదూ కలిపి పట్టుకుంటే అయిదు. అంతకు మించితే అయిదు నొక్కి, వదిలి, మిగతావి నొక్కడం.

యార్డులో అది వింత కాదు. మిర్చి కొనే వ్యాపారీ, రైతు తరఫున బేరమాడే కమీషన్ కొట్టు గుమాస్తా ఎదురెదురుగా నిలబడి, తువ్వాలు కింద చేతులు కలిపి ధర తేల్చుకుంటారు. చుట్టూ వందమంది మూగినా ఆ ధర ఇద్దరి వేళ్లకే తెలుస్తుంది. యలమందయ్య అలాంటి గుమాస్తా. మిగతా గుమాస్తాలు పొద్దుగూకి గేటు దాటగానే తువ్వాలు దులుపుకుని మామూలు మనుషులైపోతారు. ఈయన మాత్రం యార్డును వెంటబెట్టుకుని బస్సెక్కి రావులగుంట వచ్చేసేవాడు.

ఆ బస్సులోనే మొదలయ్యేది. వినుకొండ కండక్టరు ఎన్ని టిక్కెట్లని అడిగితే తువ్వాలు పరిచేవాడు. కొత్త కండక్టర్లు జడుసుకుని చెయ్యి వెనక్కు లాక్కునేవారు, పాతవాళ్లు అడక్కుండానే చెయ్యి చాచేవారు. ఒకసారి విరేచనాలు పట్టుకుని ఆస్పత్రికి వెళ్తే, ఎన్నిసార్లయ్యాయని డాక్టరు అడిగాడు. యలమందయ్య ఆయన అయిదు వేళ్లూ కలిపి నొక్కి, వదిలి, మళ్లీ నొక్కి, వదిలి, ఇంకోసారి నొక్కబోతుంటే డాక్టరు చెయ్యి విడిపించుకుని సెలైను రాసేశాడు. జనాభా లెక్కలకు మాబూబీ టీచరు వచ్చినప్పుడు మరీ చిక్కు వచ్చిపడింది. పరాయి ఆడమనిషి చెయ్యి పట్టుకోకూడదు, వయసు పైకి చెప్పకూడదు. ఆమె గంటసేపు గుమ్మంలో నిలబడి, విసిగి, చూపుకు యాభై ఉంటాయని తనే రాసుకుని వెళ్లిపోయింది. అప్పటికాయనకు నలభై ఎనిమిది. రెండేళ్లు ఊరికే మీద పడుతున్నా ఆయన నోరు విప్పలేదు.

ఈ అలవాటువల్ల అందరికంటే పరువు పోగొట్టుకున్నవాడు రంజాన్. ఆ చుట్టుపక్కల శుభకార్యాలకు వంటలు చేసేవాడు. యలమందయ్య కొత్తింట్లో పాలు పొంగించినప్పుడు ఎంతమందికి వండాలని అడిగితే ఆయన తువ్వాలు కింద మూడు వేళ్లు నొక్కాడు. యార్డులో సున్నాలు నొక్కరు. మాట వందల్లో నడుస్తోందో వేలల్లో నడుస్తోందో ఇద్దరికీ ముందే తెలుసు గనక. రంజానుకు తెలియదు. ముప్పై మందికి వండాడు. మూడొందల మంది వచ్చారు. వంకాయ కూర మొదటి బంతితోనే చెల్లిపోయింది, మిగతా జనం గోంగూర పచ్చడి నాలిక్కి రాసుకుని లేచిపోయారు. రంజాన్ లబోదిబోమంటే యలమందయ్య శాంతంగా ఒకటే మాట చెప్పాడు. "అవి నొక్కరయ్యా. మనిషిని చూసి తెలుసుకోవాలి." సున్నా అనే మాట కూడా ఆయన పలికేవాడు కాదు. సున్నాలకు ఆయన పెట్టిన పేరు "అవి".

ఇవి చెప్పుకుని నవ్వుకునే రోజులు కూడా రావులగుంటలో తక్కువే. రెండువేల పదిలో అసలు లేవు. కార్తీకంలో ముసురు పట్టి వదల్లేదు. పత్తి చేలోనే నల్లబడింది. తీసినంతవరకు తీసి ఇళ్లల్లో పోస్తే, ముందుగదులన్నీ తడిసిన పత్తి వాసన. కొనేవాళ్లు వచ్చి, గుప్పెడు తీసి చూసి, మాట్లాడకుండా వెళ్లిపోయేవారు. వెంకయ్య ఇంట్లోనూ అంతే. రోజంతా ఆ కుప్పను అటు తిరగేసి ఇటు తిరగేసి ఆరబెట్టడమే ఆయన పని. ఆయన కూతురు శ్రీరమ్యకు పత్తి కంటే పెద్ద దిగులు ఇంకొకటుంది.

శ్రీరమ్య బీఈడీ చదివింది. టీచరు పోస్టుల పరీక్ష రెండుసార్లు రాసింది, రెండుసార్లూ పోయింది. పోయినందుకు ఆమె అంతగా కుంగిపోలేదు. పోయిన సంగతి తెలిసిన పద్ధతే ఆమెను కుంగదీసింది. ఫలితాలు ఇంటర్నెట్లో వస్తాయి, ఇంటర్నెట్ వినుకొండలో ఒక నెట్ సెంటర్లో ఉంటుంది. ఆ సెంటరువాడు పాతికమందిని వరసలో నిలబెట్టి, హాల్ టిక్కెట్లు చేతికి తీసుకుని, ఒక్కొక్కరిదీ గట్టిగా చదివేవాడు. "రావులగుంట శ్రీరమ్య. నీ నెంబరు లేదమ్మా. తర్వాత." వరసలో సొంతూరివాళ్లు ముగ్గురుండేవారు. ఆమె బస్సు దిగేసరికి ఆమెకంటే ముందు ఆ మాట దిగేది. వీధి పొడుగునా అరుగుల మీదివాళ్లు అయ్యో అంటుంటే నడిచి ఇంటికి రావాలి.

మూడోసారి రాసింది. ఫలితాలొచ్చే రోజు దగ్గరపడుతుంటే అన్నం సయించడం మానేసింది. గోడ అవతలి ఇల్లే యలమందయ్యది, వరసకు పెదనాన్న. ఒకరోజు గోడ దగ్గర నిలబడి ఆయనతో చెప్పుకుంది. ఉద్యోగం రాకపోయినా ఫరవాలేదట, ఆ సంగతి ఊరికంటే ఒక్క గంట ముందు తనొక్కతికే తెలిస్తే చాలట. ఈసారీ పదిమందిలో వినాల్సి వస్తే ఇక జన్మలో పరీక్ష రాయనంది. యలమందయ్య అంతా విన్నాడు. ఇంటర్నెట్ అంటే ఏమిటో ఆయనకు తెలియదు. పదిమంది వినకుండా తెలుసుకోవడమంటే మాత్రం ఆయనకంటే తెలిసినవాడు ఆ జిల్లాలో లేడు.

మర్నాడే ఒంగోలులో రామకాంతుకు ఫోను వెళ్లింది. రామకాంత్ ఆ ఊళ్లో పనిచేసిన హెడ్మాస్టరు రామచంద్రమూర్తి గారి అబ్బాయి, ఒంగోలులో ఒక కాలేజీ కంప్యూటర్ ల్యాబు చూసుకుంటాడు. తన పాత ల్యాప్‌టాప్ బస్సులో పంపిస్తానన్నాడు. అందులో అందరూ వాడే విండోస్ ఉండదు, లైనక్స్ ఉంటుంది. లైనక్స్ అంటే అతనికి ప్రాణం, దానికి వైరస్ రానే రాదని పది నిమిషాలు చెప్పాడు. వైరస్ రాదన్నమాట నిజమే. చాలా రోజులపాటు ఇంటర్నెట్ కూడా రాలేదు.

ల్యాప్‌టాపుకు గుచ్చే నెట్ కార్డును యలమందయ్య గుంటూరులో కొన్నాడు. అగ్గిపెట్టెకు కాస్త పొడుగ్గా ఉండే తెల్లటి వస్తువు, లోపల సిమ్ము. కొట్టువాడితో బేరం తువ్వాలు కిందే జరిగింది. వాడికి అలవాటు లేక చక్కిలిగింతలు పుట్టి నవ్వుతూ తగ్గించేశాడు. కార్డు ఎవరైనా ఎత్తుకుపోయినా పనిచెయ్యకుండా దానికొక రహస్య నెంబరు పెట్టుకోవాలని వాడు చెప్పాడు. నాలుగంకెలు, ఎవరికీ చెప్పకూడదు.

"ఎవరికీనా?" అన్నాడు యలమందయ్య.

"ఇంట్లోవాళ్లకి కూడా చెప్పొద్దండీ."

యలమందయ్య చలించిపోయాడు. ఊరంతా తనను పిచ్చివాడంటుంటే, ఇన్నాళ్లకు లోకం తన దారికొచ్చింది. సిమ్మును కొట్టువాడి ఫోనులో వేయించి, దాని మీద తువ్వాలు కప్పుకుని తనే నెంబరు నొక్కి, కొట్టువాడికి సోడా తాగించాడు. నెంబరు మరిచిపోతే అక్కరకొస్తుందని సిమ్ముతో ఇచ్చిన ప్లాస్టిక్ ముక్క మీద ఇంకేవో అంకెలు కనిపిస్తే, ఎవరైనా చదువుతారని దాన్ని అక్కడికక్కడే ముక్కలు చేసి కాలవలో పారేశాడు.

ఇంటికొచ్చి గుచ్చితే ల్యాప్‌టాప్ దాన్ని సీడీ అనుకుంది. శ్రీరమ్య ఎన్నిసార్లు తీసి గుచ్చినా తెర మీద సీడీ బొమ్మే. రామకాంత్ ఫోనులో విషయం చెప్పాడు. విండోస్ వాడే జనం కోసం ఆ కార్డు లోపల సీడీలాంటిదొకటి దాచి పెడతారు. గుచ్చగానే ముందు అది బయటికొస్తుంది. నువ్వు సీడీవి కాదు, నెట్ తెచ్చే మోడెమ్‌వి అని ఎవరో దానికి చెప్పాలి. అందుకొక చిన్న ప్రోగ్రాము ఉంది. అది ఇంటర్నెట్లో దొరుకుతుంది. ఇంటర్నెట్ రావాలంటే అది కావాలి. ఈ మాట విని శ్రీరమ్య నెత్తి పట్టుకుంటే, యలమందయ్య కార్డును మెచ్చుకున్నాడు. అడగ్గానే అసలు పేరు చెప్పేది కాదు, బేరం తెలిసిన వస్తువన్నాడు.

ఆ ప్రోగ్రాము తేవడానికి ఆయనే ముసుర్లో ఒంగోలు వెళ్లాడు. రామకాంత్ దాన్ని పెన్‌డ్రైవులో వేసిచ్చి, కార్డుకు గుర్తుగా ఉండే ఎనిమిది స్థానాల నెంబరు కూడా వెతికిపెట్టాడు. ఆ నెంబరు ప్రోగ్రాముకు చెప్పాలి. రాసిస్తానంటే యలమందయ్య వద్దన్నాడు. కాగితం జేబులోంచి జారితే ఎవరైనా చదువుతారు. రెండుసార్లు చెప్పించుకుని బుర్రలో వేసుకుని వచ్చి, తువ్వాలు కింద శ్రీరమ్యకు అప్పజెప్పాడు. రెండు రోజులు కొట్టినా పని జరగలేదు. చివరికి రామకాంత్ ఏదో టైపు చేయిస్తే, ఆ నెంబరును ల్యాప్‌టాపే తెర మీద చూపించింది. చూస్తే ఎనిమిదింటిలో రెండు తక్కువ. నెంబరు మధ్యలో ఇంగ్లీషు అక్షరం ఒకటుంది, సున్నా ఒకటుంది. సున్నా సరే, ఆయన ఎప్పుడూ నొక్కడు. మరి అక్షరం ఏమైందని శ్రీరమ్య అడిగింది.

"అంకెల్లో అక్షరమేంటమ్మా? కాయలో తొడిమనుకుని తీసేశా" అన్నాడాయన.

తొడిమా సున్నా వేసి కొడితే కార్డు దారికొచ్చింది. సీడీ బొమ్మ మాయమైంది. ఆ పూట శ్రీరమ్య అన్నం తిన్నది.

ఫలితాల రోజు ఉదయం నుంచే జల్లు. పదకొండింటికి వస్తాయన్నారు. ల్యాప్‌టాప్ పెట్టడానికి కిటికీ పక్క బల్ల తప్ప చోటు లేదు. ఇంట్లో సిగ్నలు అక్కడే కాస్త అందుతుంది. శ్రీరమ్య తల్లి వెంకటేశ్వరమ్మ బల్ల చుట్టూ పత్తి వెనక్కి నెట్టి కూతురికి చోటు చేసింది. తలుపులు వేసుకుందామనుకునే లోపే వసారా నిండింది. ఊళ్లోకి ఇంటర్నెట్ రావడం అదే మొదటిసారి. పొలం పని లేదు, ముసురు, చూడ్డానికి ఇంకేముంది? గొడుగులు మడిచి ఒక్కొక్కరే వచ్చి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు. అందరికంటే ముందు ఎరువుల కొట్టు కోటేష్. మనిషి చెడ్డవాడు కాదు గాని గొంతు పెద్దది. రెండుసార్లూ బస్సు కంటే ముందు వార్త దిగింది అతని నోట్లోంచే.

"ఇది తేలకపోతే చెప్పమ్మా, బండి మీద వినుకొండ తీసుకెళ్తా. అక్కడైతే వాడు గట్టిగా చదివి చెప్తాడు" అన్నాడు కోటేష్. శ్రీరమ్య బల్ల ముందుకు జరిగి మీటలు నొక్కింది.

ల్యాప్‌టాపు రహస్య నెంబరు అడిగింది. గుంటూరు కొట్టులో ఫోనైతే అంకెల బదులు చుక్కలు చూపించింది. లైనక్స్ నల్ల తెరకు ఆ మర్యాద లేదు; కొట్టిన అంకె కొట్టినట్టు కోడిగుడ్డంత కనపడుతుంది. పైగా ఆ మీటల్లో అంకెలు ఎక్కడున్నాయో యలమందయ్యకు తెలియదు. ఇంటిపిల్ల కదా అని మనసు దిటవు చేసుకుని, తువ్వాలు పరిచి, ఆమె చేతిలో రెండు వేళ్లు నొక్కి, తర్వాత అయిదు నొక్కి, చెయ్యి తీసేశాడు.

నాలుగంకెల నెంబరు. నొక్కింది రెండు. మిగతా రెండూ "అవి". ఎక్కడెక్కడ పెట్టాలి? శ్రీరమ్య ముందు రెండు సున్నాలు పెట్టి చివర ఇరవై అయిదు కొట్టింది. తప్పన్నది తెర. ఇరవై అయిదు కొట్టి వెనక రెండు సున్నాలు పెట్టింది. మళ్లీ తప్పు, ఇంకొక్క అవకాశమే ఉందని కూడా చెప్పింది. రామకాంతుకు ఫోను చేస్తే అతను కంగారుపడ్డాడు. మూడోది కూడా తప్పితే సిమ్ముకు తాళం పడిపోతుంది, అప్పుడు ప్లాస్టిక్ ముక్క మీది అంకెలు కొట్టాలన్నాడు. ప్లాస్టిక్ ముక్క గుంటూరు కాలవలో ఎప్పుడో కొట్టుకుపోయింది.

"అవి ఎక్కడెక్కడ పెదనాన్నా?" అంది శ్రీరమ్య.

యలమందయ్య గుమ్మంలోని జనాన్ని చూశాడు, ఆమెను చూశాడు. "అవి నీకే తెలియాలమ్మా" అన్నాడు నీరసంగా.

శ్రీరమ్యకు దుఃఖం, కోపం కలిసి వచ్చాయి. ఒక్క ముక్క నోటితో చెప్పడానికి ఈ మనిషికి ఏం పోయింది? లేచి వెనకగదిలోకి వెళ్లిపోయింది. అక్కడ వెంకయ్య పత్తి తిరగేస్తున్నాడు. పెదనాన్న పిచ్చివల్ల మళ్లీ నెట్ సెంటర్ గతే పట్టేట్టుందని, ఆయన చాదస్తం తన మెడకు చుట్టుకుందని తండ్రి దగ్గర కక్కేసింది. వెంకయ్య పత్తి మీంచి చెయ్యి తియ్యకుండా మాట్లాడాడు.

"మీ పెదనాన్న కుర్రతనంలో ఎట్టా ఉండేవాడో నీకు తెలియదు. యార్డు మొత్తానికీ పెద్ద నోరు. అప్పట్లో మన ఊళ్లో ఏసోబని ఉండేవాడు. ఆ ఏడు వానకి వాడి కాయ మొత్తం రంగుపోయి తెల్లబడింది. ఎంతకు పోయిందో మీ పెదనాన్న తిరిగొచ్చే లారీ మీద నిలబడి అరిచాడు. తమాషాకే. లారీ మీద రైతులందరం నవ్వాం. నేనూ నవ్వా." ఇంకో గుప్పెడు పత్తి తిరగేశాడు. "వారం తిరక్కుండా ఏసోబు పెళ్లాం పిల్లల్ని తీసుకుని ఊరొదిలి పోయాడు. మళ్లీ రాలేదు. అప్పట్నుంచీ ఈయన ఇంతే. నా కాయ ఎంతకు పోయిందో మీ అమ్మక్కూడా తెలియని సంవత్సరాలున్నాయమ్మా. నేను తలెత్తుకుని వీధిలో నడిచానంటే ఆయన దయే."

శ్రీరమ్య పెరట్లోకి వెళ్లింది. మొహం కడుక్కుని ముందుగదిలోకి వచ్చింది. యలమందయ్య పక్కన కూర్చుని, ఈసారి ఆయన తువ్వాలు తనే లాక్కుని, తన చెయ్యి ఆయన చేతిమీద పెట్టి కప్పింది. చూపుడువేలూ బొటనవేలూ కలిపి గుండ్రంగా చుట్టి ఆయన అరచేతికి తగిలించింది. యలమందయ్య ఉలిక్కిపడ్డాడు. యార్డు పుట్టినప్పటినుంచీ తువ్వాలు కిందకు రానిది ఇప్పుడొచ్చింది. కాసేపు ఆలోచించాడు. తర్వాత రెండు వేళ్లు నొక్కాడు. ఆ తర్వాత ఆ బండ వేళ్లతో, పిల్లలు మొదటిసారి అక్షరం దిద్దినట్టు, ఆమె వేలి చుట్టూ ఒక సున్నా చుట్టాడు. అయిదు నొక్కాడు. మళ్లీ ఒక సున్నా.

కార్డు మీద ఎర్రదీపం నీలంగా మారింది. వసారాలో చప్పట్లు కొట్టారు. కోటేష్ మెడ కొంగలా సాచాడు.

పేజీ రావడానికి ఎంతసేపు పట్టిందో చెప్పడం కష్టం. ముందు ఒక గీత వచ్చింది, తర్వాత ప్రభుత్వం వారి ముద్ర సగం వచ్చింది, మిగతా సగానికి వాన ఎక్కువై సిగ్నలు ఆగింది. మళ్లీ వచ్చింది. హాల్ టిక్కెట్ నెంబరు కొట్టే గడి కనిపించేసరికి కోటేష్ ఆమె భుజం మీదికి వంగాడు. యలమందయ్య లేచాడు. తువ్వాలు విప్పి, ల్యాప్‌టాపునీ శ్రీరమ్య తలనూ కలిపి, జలుబు చేసిన పిల్లకు ఆవిరి పట్టినట్టు కప్పేశాడు. జనం గొల్లున నవ్వారు. ఆయన పట్టించుకోలేదు. ఉత్త భుజాలతో బల్లకు అడ్డంగా కూర్చున్నాడు.

తువ్వాలు కింద తెర వెలుగు తప్ప ఏమీ లేదు. శ్రీరమ్య నెంబరు కొట్టింది. చాలాసేపు తిరిగి, ఒక చిన్న వాక్యం వచ్చింది. ఎంపిక కాలేదు. రెండుసార్లు చదివింది. మళ్లీ కొట్టి చూసింది. అదే వాక్యం. ఏడుపు వచ్చింది, చప్పుడు కాకుండా ఏడ్చింది. కోరుకున్నట్టే ఊరికంటే ముందు తనొక్కతికే తెలిసింది. కానీ బయట ఊరంతా గుమ్మంలో ఉంది, తువ్వాలు ఎప్పుడో ఒకప్పుడు తియ్యాలి. ఆమె అడిగిన గంట ఎక్కడిది?

"ఏమైంది?" అంటున్నాడు కోటేష్. ఇంకా తిరుగుతోందని చెప్తున్నాడు యలమందయ్య. కాసేపటికి మళ్లీ అదే ప్రశ్న, అదే జవాబు. అప్పుడు తువ్వాలు అంచు కిందనుంచి యలమందయ్య చెయ్యి నెమ్మదిగా లోపలికొచ్చి ఆమె చేతిని తాకి ఆగింది. అడుగుతున్నాడు. శ్రీరమ్య వేళ్లు గుండ్రంగా చుట్టి ఆ చేతిలో పెట్టింది. ముందూ వెనకా ఏమీ లేని ఒట్టి సున్నా.

ఆ చెయ్యి కదల్లేదు. తర్వాత ఆయన తల తువ్వాలు మీదికి వంగింది. "ఎస్సెల్సీ" అని ఆమె చెవికి మాత్రమే వినపడేట్టు అన్నాడు. "నేను." అయిదు వేళ్లూ పట్టుకుని నొక్కి, వదిలి, మళ్లీ రెండు వేళ్లు నొక్కాడు.

యలమందయ్య బడి చివరి పరీక్ష ఎస్సెల్సీ తప్పాడని ఊరికి తెలుసు. నరసరావుపేటలో ఎవరో చుట్టాలింట్లో ఉండి చదివాడు గనక, ఎన్నిసార్లు తప్పాడో ఎవరికీ తెలియదు. శ్రీరమ్యకు ఆ ఏడుపులోనే నవ్వొచ్చింది. నవ్వుతో పాటు చిలిపితనం కూడా వచ్చింది. ఆయన నొక్కిన ఏడు పక్కన తన వేళ్లతో ఒక సున్నా చుట్టి, అదీ ఉందా అని అడిగినట్టు పెట్టింది.

"ఏడే!" అన్నాడు యలమందయ్య, ఇల్లంతా వినపడేట్టు.

వసారాలో జనం గుమ్మం దాటి ముందుకొచ్చారు. ఆ మనిషి నోట్లోంచి అంకె రావడం అక్కడున్న సగంమంది పుట్టాక వినలేదు. తువ్వాలు కిందికి జారింది. పత్తి గది గుమ్మంలోకి వెంకయ్య వచ్చి నిలబడ్డాడు.

"ఏడేంటి యలమందయ్యా?" అన్నాడు కోటేష్. అని శ్రీరమ్య వైపు తిరగబోయాడు. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి. చూస్తే తెలిసిపోతుంది.

యలమందయ్య ఆమె మొహం చూశాడు, కోటేష్ మొహం చూశాడు. గొంతు సవరించుకుని, లారీ మీద నిలబడ్డ నాటి గొంతుతో అందుకున్నాడు.

"ఎస్సెల్సీ ఏడుసార్లు తప్పాను. మొదటిసారి లెక్కల్లో పద్నాలుగు. రెండోసారి పదకొండు. మూడోసారి పంతొమ్మిది."

"లెక్కల్లోనా? నువ్వా?" అన్నాడు కోటేష్, శ్రీరమ్య సంగతి మరిచిపోయి.

"నాలుగోసారి తొమ్మిది. అయిదోసారి ముప్పైనాలుగు."

"అయ్యో, ఒక్క మార్కు!" అంది వసారా మొత్తం.

"ఆరోసారి ఇరవైరెండు. ఏడోసారి లెక్కలు గట్టెక్కాయి, తెలుగు పోయింది."

ఇక ఆపడం ఎవరివల్లా కాలేదు. ముసురు పట్టిన ఇన్ని రోజుల్లో ఆ ఊరు అంతగా నవ్వలేదు. వయసు అడిగారు, చెప్పాడు. రంజాన్ ముందుకొచ్చి ఆనాడు మూడా, ముప్పయ్యా, మూడొందలా అని అడిగాడు, దానికీ చెప్పాడు. ఆయన నోటివెంట అంకెలు వినడానికి ఒకరి తర్వాత ఒకరు ప్రశ్నలు వేశారు. ఆయన చెమటలు పోసుకుంటూ, పన్ను పీకించుకుంటున్నవాడి మొహంతో ఒక్కొక్కదానికీ పైకే జవాబు చెప్పాడు. నోరు జారాడో, జార్చుకున్నాడో శ్రీరమ్యకు ఆనాడూ తెలియలేదు, తర్వాతా తెలియలేదు. వాన తెరిపిచ్చాక జనం ఆయన మార్కులు వల్లెవేసుకుంటూ వెళ్లారు. వీధి చివరిదాకా కోటేష్ గొంతు వినిపించింది, ముప్పైనాలుగు, ముప్పైనాలుగని. ఆమె నెంబరు ఉందా లేదా అని ఆ రోజు ఎవరూ అడగలేదు.

మధ్యాహ్నం అన్నాల దగ్గర శ్రీరమ్య తనంతట తనే చెప్పింది. వెంకటేశ్వరమ్మ గరిటె పట్టుకుని అలాగే ఉండిపోయింది. వెంకయ్య పచ్చడి కలుపుకుంటున్న చెయ్యి ఆపి, కొంచెంసేపు లెక్క వేసుకున్నాడు.

"నీకు మూడేగా అయింది?" అన్నాడు. "పెదనాన్నను అందుకోవాలన్నా ఇంకా నాలుగున్నాయి. తిను."